రోగి సమ్మతి

లింఫోమా అను లింఫుగ్రంథుల కేన్సరు కొందరిలో ఏ మందునకును లొంగదు. అట్టివారికి ఇమ్యునోథెరపీ మందులను రెండింటిని జతపరచి ఇచ్చి చూచుట నేడు సాగుచున్నది. ఒక మందు ఒక చేత రోగి రక్తములోని టి కణమును, రెండవ చేత కేన్సరు కణముపై నుండు సిడి 20 అను గుర్తును పట్టి ముఖాముఖి నిలుపును. కేన్సరు కణము ఆ గుర్తును విడిచి తప్పించుకొనగలదు గనుక మరియొక మందు తోడు కావలసివచ్చినది. కాని రేగిన రక్షణబలము రోగినే కాల్చవచ్చును. 2006లో లండనులో ఇట్టి శక్తిని రేపు మందొకటి తొలిసారి పుచ్చుకొన్న ఆరుగురు ఆరోగ్యవంతులు కొద్ది గంటలలో ప్రాణాపాయమున పడిరి.

అందుచేత తొలిదశలో కొందరికి తక్కువ మోతాదిచ్చి, అపాయము లేకున్న తరువాతివారికి పెంచుదురు. వైద్యుని ప్రశ్న “ఎంత మోతాదు భరింపవచ్చును?” అని, రోగి ప్రశ్న “నేను బ్రతుకుదునా?” అని. కొందరికి మేలు జరుగవచ్చును. జరుగునని మాట యిచ్చుటకు వీలులేదు.

మన యల్లాప్రగడ సుబ్బారావుగారి ప్రయోగశాలనుండి వచ్చిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు పిల్లలకు 16 మందికి ఇచ్చి, 10 మందికి తాత్కాలికముగా నయమైనదని 1948లో ప్రకటించెను. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని పిల్లలను బ్రతికించుచున్నది. సభలలో సుబ్బారావుగారి పేరు చెప్పి పొంగిపోదుము. ఆ పదునార్గురను తలచుట అరుదు. వారికి దక్కినది కొలది కాలపు వెసులుబాటే.

తరువాతివారికై తన దేహము నొసగుట దానమే. అయితే ఇచ్చువానికి తెలియక ఇచ్చినది దానమెట్లగును? “వేరు దారి లేనివానికి ఇన్ని చెప్పి బెదరించుట యెందుకు?” అందురు. ఆ మాట మేమొప్పము. దారి లేనివాని సమ్మతికే ఎక్కువ జాగ్రత్త కావలెను.

1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది మొదలు అంగడిలో, కచేరీలో మనకు కన్నడముతో కొరత లేదు. రోగికి అర్థమగు భాషలో సమ్మతి పొందవలెనని 2019 నాటి నియమములు చెప్పుచున్నవి. చదువురానివానికి నిష్పాక్షికుడైన సాక్షి యుండవలెను. కన్నడము అర్థమగునా యన్న మన పెద్దలు అగుననియే అందురు. కాని జబ్బుమాట వచ్చిన ఇంట తెలుగే. పెద్ద ఆసుపత్రిలో ఆ కాగితమును తెలుగులో చెప్పువాడు సాధారణముగా కొడుకు. “ఇది మీకు పనిచేయకపోవచ్చును” అను వాక్యమును ప్రేమచే మ్రింగి, “మంచి మందట నాయనా, సంతకము పెట్టండి” అనును. ఆ కొడుకును తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. ఆ వాక్యమును పలుకుటకు ఇంటివాడు కాని తెలుగువాడొకడు ప్రక్కన నుండవలెను. అట్టివానిని తోడు పంపుట మన సంఘమునకు చేతనగు పని.