ముప్పైఏడు హార్స్‌పవర్

మా అంబాసిడర్‌లో ఉన్నది 37 హార్స్‌పవర్ ఇంజన్. 1489 సీసీ డీజిల్, ఇంగ్లండు బీఎంసీ నమూనా. 1980ల్లో ఉత్తరపారా కార్ఖానాలో తయారైన మార్క్ 4 బండి అది. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యాక మా నాన్న దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆయన పోయాక నా చేతికి వచ్చింది. ఇప్పుడది నీలం పొగ వదులుతోంది, ఆయిలు తాగేస్తోంది, పొద్దున్నే స్టార్ట్ కావడానికి బతిమాలించుకుంటోంది. ఇంజన్ దించక తప్పదని మిస్త్రీ తేల్చేశాడు.

"ఎలాగూ దించుతున్నాం కదా మావయ్యా, మళ్లీ అదే ఎక్కించడం దేనికి? ఇసుజు వేసేద్దాం" అన్నాడు మా మేనల్లుడు. ఇసుజు అంటే 1817 సీసీ పెట్రోల్ ఇంజన్, 75 హార్స్‌పవర్, ఐదు గేర్లు. కోల్‌కతా మల్లిక్ బజార్‌లో పాత బండ్ల నుంచి విప్పినవి దొరుకుతాయని వాడి నమ్మకం. ఒక్క దెబ్బతో బలం రెట్టింపు.

వాడి మాటను కొట్టిపారేయడానికి లేదు. 1990ల మొదట్లో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లే ఇదే బాడీలో ఇదే ఇసుజు బిగించి అంబాసిడర్ 1800 ఐఎస్‌జడ్ అని అమ్మారు. అసలు అంబాసిడర్ చరిత్రంతా ఇంజన్ల మార్పే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఒంట్లో మొదట సైడ్ వాల్వ్ ఇంజన్, తర్వాత ఓవర్‌హెడ్ వాల్వ్, ఆ తర్వాత డీజిల్, చివరికి జపాన్ ఇంజన్. 2014 మేలో ఉత్తరపారాలో తయారీ ఆగిపోయేదాకా ఒళ్లు దాదాపు అదే, గుండె మాత్రం మారుతూ వచ్చింది. కాబట్టి పాత బండికి కొత్త ఇంజన్ పెట్టడం దాని స్వభావానికి విరుద్ధమని నేను అనలేను. నా సందేహం వేరే చోట ఉంది.

రైల్వే ఊళ్లో పెరిగినవాళ్లకు బలం పెంచడమంటే ఏమిటో చిన్నప్పుడే తెలుస్తుంది. మా ఇంట్లో అన్నాల దగ్గర కూడా ఇంజన్ల మాటలే. అందరికీ తెలిసిన ఉదాహరణ ఆల్కో డీజిల్, అంటే డబ్ల్యుడిఎం-2. పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. వారణాసిలో 1964 నుంచి వాటిని తయారు చేశారు. నడివయసుకు వచ్చిన ఆ ఇంజన్లను విప్పి మళ్లీ కట్టడానికి 1981లో పటియాలాలో ఒక కార్ఖానా పెట్టారు. అక్కడ కొన్నిటిని 3100 హార్స్‌పవర్‌కు పెంచి డబ్ల్యుడిఎం-3ఎ చేశారు. సిలిండర్లు అవే పదహారు. కానీ టర్బో మారింది, కూలర్ పెద్దదైంది, ఫ్యూయల్ పంపులు మారాయి. అంతటితో అయిపోలేదు. పాత డీసీ జనరేటర్ తీసేసి ఆల్టర్నేటర్, రెక్టిఫయర్ పెట్టారు. పెరిగిన బలం ఎక్కడెక్కడ తగులుతుందో అక్కడల్లా చెయ్యి పెట్టాల్సి వచ్చింది.

ఇంకో సంగతి కూడా ఉంది. 3100 అయినంత మాత్రాన ఆ ఇంజన్ నిలబడ్డ గూడ్స్‌ను కదిలించేటప్పుడు అమాంతం ఎక్కువ లాగదు. కదిలించే బలానికి హద్దు చక్రం మీద పడే బరువు, పట్టాకూ చక్రానికీ మధ్య ఉండే పట్టు. అది దాటితే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది, డ్రైవరు ఇసుక వదలాలి. అదనపు బలం అక్కరకొచ్చేది బండి వేగం అందుకున్నాకే. హార్స్‌పవర్ అంటే లాగే బలాన్ని వేగంతో గుణిస్తే వచ్చే లెక్క మరి. మా బండికీ ఇదే వర్తిస్తుంది. గోల్ బజార్ సందుల్లోనూ, నిమ్‌పురా రోడ్డు మీదా 37 చాలు. మిగతా 38 నిద్ర లేచేది హైవే ఎక్కాకే.

మేనల్లుడి మనసు ఉన్నది కూడా ఆ హైవే మీదే. జాతీయ రహదారి 16 కోల్‌కతా దగ్గర మొదలై, మా ఖరగ్‌పూర్‌ను ఆనుకుని, బాలేశ్వర్, భువనేశ్వర్ మీదుగా ఇచ్ఛాపురం దాటి శ్రీకాకుళం వెళ్తుంది. మా తాత అదే దిక్కు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పనికోసం రైలెక్కి వచ్చినవాడు. ఇక్కడున్న తెలుగు కుటుంబాల్లో చాలావాటి కథ ఇదే. సంక్రాంతికి, పెళ్లిళ్లకు, చావులకు మేమంతా రైల్లోనే ఊరెళ్లాం, రైల్లోనే తిరిగొచ్చాం. ఒక్కసారి సొంత బండిలో ఊళ్లో దిగాలని నాన్న చాలా ఆశపడ్డారు. ఆ కోరిక తీరలేదు. మేనల్లుడు ఇసుజు అన్నప్పుడు వాడి నోటివెంట వచ్చింది మా నాన్న కోరికేనని నాకు తెలుసు. అందుకే ఇన్నాళ్లు తేల్చుకోలేకపోయాను.

వాడి వాదనలో ఇంకో బలమైన ముక్క ఉంది. హైవే మీద నెమ్మది కూడా ప్రమాదమే. వెనక లారీ హారన్ కొడుతూ మీదికొస్తుంటే యాభైలో వెళ్లేవాడు జాగ్రత్తపరుడేమీ కాదు, అడ్డంగా ఉన్నవాడు. ఇది నిజం. దీన్ని పక్కనపెట్టి పాత బండి పవిత్రత గురించి మాట్లాడితే అది వాదన కాదు.

మరి నన్ను ఆపిందేమిటి? మొదటిది బ్రేకులు. మా బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. మిస్త్రీ వెనక డ్రమ్ము ఊడదీసి చూపించాడు. లైనింగు రివెట్ల దాకా అరిగింది. డ్రమ్ము లోపలి అంచున గోరు తగిలేంత గట్టు లేచింది. పక్కనే నల్లటి పొడి. అరవైలో వెళ్లే బండి తొంభైలో వెళ్తే వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లే, కానీ ఆపేటప్పుడు బ్రేకులు మింగాల్సిన శక్తి రెండుంబావు రెట్లు. ఆ శక్తంతా వేడి అవుతుంది. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరం జరుగుతుంది, లైనింగు పట్టు తగ్గుతుంది, పెడల్ కిందికి దిగిపోతుంది. పోనీ డిస్క్ బ్రేకులు వేయించవచ్చు, డబ్బు పెడితే అయ్యే పనే. ఇంజన్‌తోపాటు గేర్‌బాక్సు, షాఫ్టు, రేడియేటరు, డీజిల్ బండి పెట్రోల్ అవుతుంది కాబట్టి ట్యాంకూ గొట్టాలూ, ఆపైన బ్రేకులు. ఖర్చుకు నేను వెనకాడలేదు.

వెనకాడింది రెండోదానికి. పూరీ గేట్ దగ్గర రోడ్డు దాటబోయే ముసలావిడ దూరంగా అంబాసిడర్‌ను చూస్తుంది. దాన్ని ఆమె ఎన్నో ఏళ్లుగా చూస్తోంది. అది ఎంత వేగంగా రాగలదో, తనకెంత వ్యవధి ఉందో లెక్క వేసుకోకుండానే ఆమె కాళ్లకు తెలుసు. సైకిలువాడికీ, టోటో అనే బ్యాటరీ రిక్షా నడిపేవాడికీ తెలుసు. బండి రూపమే దాని వేగం గురించి దారినపోయేవాళ్లకు ఇచ్చే మాట. ఆ రూపం అలాగే ఉంచి లోపల రెట్టింపు బలం దాస్తే ఆ మాట తప్పినట్టే. బండి నాది, ఇంజన్ నాది, డబ్బు నాది. కానీ ఆ బలాన్ని అంచనా కట్టి అడుగేసేవాళ్లు నన్నెరగని జనం. వాళ్ల అంచనాను చెప్పాపెట్టకుండా తలకిందులు చేసే హక్కు నాకు ఎక్కడిది?

రైల్వే వాళ్లు ఈ పని చేసినప్పుడు దాచలేదు. 2600ను 3100 చేశాక ఇంజన్ ఒంటిమీద తరగతి పేరే మార్చి రాశారు. పటియాలాలో మళ్లీ కట్టినవాటి నంబరు చివర ‘ఆర్’ అక్షరం చేర్చారు. దూరం నుంచి చూసినా అది పాతది కాదని తెలిసేది. ఉత్తరపారా వాళ్లు కూడా ఇసుజు పెట్టినప్పుడు బండికి కొత్త పేరు పెట్టే అమ్మారు. షెడ్డులో గుట్టుగా మార్చిన ఇంజన్‌కు ఆ ప్రకటన ఉండదు.

చట్టం గొడవ నాకిక్కడే అర్థమయింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే గట్టిగా చెప్పింది. చాలాకాలం దాన్ని ఆర్టీవో ఆఫీసు కాగితాల వ్యవహారంగానే చూశాను. ఇప్పుడు చూస్తే అందులో ఆ ముసలావిడ ఉంది. ఆర్‌సీలో ఇంజన్ నంబరు, ఇంధనం రాసి ఉండేది ఆమె కోసం కూడా.

ఇక అంకెల మోజు సంగతి. మా ఊరి స్టేషన్ ప్లాట్‌ఫారం 1072.5 మీటర్లు. ప్రపంచంలో అన్నిటికన్నా పొడవైనదని చిన్నప్పుడు చుట్టాలందరికీ చెప్పుకుని మురిసిపోయేవాళ్లం. 2013లో గోరఖ్‌పూర్ 1366 మీటర్లతో దాన్ని దాటింది, 2023లో హుబ్బళ్లి 1507 మీటర్లతో గోరఖ్‌పూర్‌ను దాటింది. అందువల్ల ఖరగ్‌పూర్‌లో ఆగే ఒక్క రైలుకైనా చోటు తక్కువ కాలేదు. పక్కవాడి బండి 120 హార్స్‌పవర్ అయినంత మాత్రాన మా 37 తగ్గిపోవు.

పాతదాన్ని పాత కొలతలోనే నిలబెట్టడం కూడా ఈ ఊరికి తెలిసిన పనే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే మాంచెస్టర్ నుంచి తెప్పించుకున్న భారీ గారట్ ఆవిరి ఇంజన్లలో 811 నంబరుదాన్ని మన వర్క్‌షాపువాళ్లే బాగు చేశారు. 2006లో అది షాలిమార్ నుంచి మెచెదా దాకా నడిచింది. దానికి బొగ్గూ నీళ్లూ పోశారు, ఎక్కువ పరుగెత్తమని అడగలేదు. కాకపోతే మా బండి మ్యూజియం వస్తువు కాదు, రోజూ బజారుకెళ్లేది. అది ఉద్యోగం మానలేదు, డ్యూటీ మాత్రం తేలికైంది. తేలిక డ్యూటీకి సరిపడా ఆరోగ్యం దానికి ఉండాలి.

అందుకని బ్లాకును బోరింగ్‌కు పంపించాను. కొత్త పిస్టన్లు, రింగులు వేస్తారు. పంపు, నాజిళ్లు కాలిబ్రేషన్‌కు వెళ్లాయి. డ్రమ్ములు లేత్ మీద సాపు చేయించి కొత్త లైనింగు వేయిస్తున్నాను. ఈ బండి ఖరగ్‌పూర్ వీధుల్లోనూ, మహా అయితే కంసాయి నది దాటి మిడ్నాపూర్ దాకానూ తిరుగుతుంది. నాన్న కొన్న బండి నాన్న ఊరు చూడదు. ఆ లోటు నాకు బాధగానే ఉంది.

ఊరి ప్రయాణం మాత్రం మానుకోలేదు. ఉత్తరపారాలోనే ఇసుజు బిగించుకుని, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులతో, ఆర్‌సీలో అదే నంబరుతో బయటికొచ్చిన 1800 ఒకటి వెతకమని మేనల్లుడికి చెప్పాను. జంషెడ్‌పూర్ నుంచి కటక్ దాకా తెలిసినవాళ్లందరికీ వాడు ఫోన్లు చేస్తున్నాడు. దొరికితే ఇచ్ఛాపురం దాకా వాడు నడుపుతాడు, అక్కణ్ణుంచి నేను.