నిబ్బరము నిర్దయ కాదు

మరణము సంభవించిన యింటికి పరామర్శకై పోయినవారు సాధారణముగా రెండు మాటలు చెప్పుదురు. ఏడువవలదనుట మొదటిది, ఎవరికైనను తప్పదు గదా యనుట రెండవది. రెండును హితవచనములే. కాని దుఃఖించువాని మనస్సునకు అవి అందవు. తనకు కలిగిన నష్టము లోకసామాన్యమని తెలిసినంతమాత్రమున అది చిన్నదగునా? ఈ ప్రశ్నకు రెండువేల యేండ్లకు పూర్వమే గ్రీసు, రోము దేశములయందు కొందరు తత్త్వవేత్తలు సమాధానము వెదకిరి. వారిని స్టోయిక్కులందురు. వీరు బోధించిన నిబ్బరము గుండెను రాయి చేసికొనుటయే యని పలువురి తలంపు. అది యెంతవరకు సత్యమో విచారింతము.

ఈ సంప్రదాయమునకు మూలపురుషుడు జీనో. సైప్రస్ ద్వీపమునందలి కిటియము అతని జన్మస్థానము. అతడు సరకుతో ఓడలో పోవుచుండగా ఓడ పగిలి సర్వమును కోల్పోయెననియు, ఏథెన్సు చేరి ఒక పుస్తకముల అంగడిలో సోక్రటీసును గూర్చి విని తత్త్వాభిలాషి యయ్యెననియు ప్రాచీనులు వ్రాసిరి. క్రీ.పూ. 300 ప్రాంతమున అతడు ఆ నగరమునందలి ఒక చిత్రమండపమున బోధింపసాగెను. గ్రీకు భాషలో అట్టి స్తంభమండపమునకు స్టోవా యని పేరు. శిష్యులకు స్టోయిక్కులను పేరు అందుండి వచ్చెను. నష్టమునుండి పుట్టిన తత్త్వము నష్టమును గూర్చియే మిక్కిలిగా యోచించుట సహజము.

ఈ తత్త్వసారమును సులభముగా చెప్పినవాడు ఎపిక్టెటస్. అతడు రోములో బానిసగా బ్రతికినవాడు, కుంటివాడు. విముక్తుడైన పిదప గురువై, గ్రీసు దేశమున నికోపోలిస్ పట్టణమందు పాఠశాల నడపెను. తాను గ్రంథమేమియు వ్రాయలేదు. అతని బోధలను శిష్యుడైన ఆరియన్ వ్రాసి నిలిపెను. లోకములోని విషయములు రెండు విధములని అతడు బోధించెను. మన అభిప్రాయము, మన కోరిక, మన ప్రయత్నము మన చేతిలోనివి. దేహము, ధనము, కీర్తి, ఆప్తుల ఆయుస్సు మన చేతిలోనివి కావు. మొదటివానియందు శ్రద్ధ వహింపవలెను. రెండవవానిని, ఉన్నంతకాలము ఆదరించి, పోవునపుడు విడువవలెను.

ఇది కర్మమని చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. విలుకాడు గురి చూచుట, నారి లాగుట, బాణము విడుచుట తన శక్తికొలది చక్కగా చేయును. విడిచిన బాణమును గాలి తప్పింపవచ్చును. గురి తప్పినను అతడు తన పనిలో లోపము చేసినవాడు కాడు. పరీక్ష తప్పిన విద్యార్థికిని, పంట పోయిన రైతునకును ఈ వివేకము మేలు చేయును. జరిగిన నష్టమునకు తోడు, తాను పనికిమాలినవాడనను రెండవ నష్టమును నెత్తికెత్తుకొనకుండ ఇది కాపాడును.

కాని ఎపిక్టెటస్ బోధలో ఒక కఠినమైన మాట కలదు. బిడ్డను ముద్దాడునపుడు ఈ బిడ్డ మర్త్యుడని లోలోపల తలచుకొనుమని అతడు చెప్పెను. మన యిండ్లలో ఇట్టి మాట అశుభమని పెద్దలు నోరు మూయింతురు. ఏ తల్లి దీనిని సహించును? అయినను కొంత నెమ్మదిగా యోచింపుడు. ఎరువు తెచ్చుకొన్న వస్తువును మనము సొంతవస్తువుకంటె జాగ్రత్తగా చూతుము. తిరిగి యిచ్చు దినము వచ్చునని తెలియుటయే దానికి కారణము. బిడ్డ యెల్లకాలము తనదేయని నమ్మిన తండ్రి ముద్దుమాటలను రేపు విందునని వాయిదా వేయును. కాలము మితమని యెరిగిన తండ్రి నేడే వినును. ఆ తలంపు ప్రేమను తగ్గించునది కాదు. ప్రేమించుటలోని ఆలస్యమును తగ్గించునది.

స్టోయిక్కులకు కన్నీరు తెలియదనుటయు సరికాదు. ఆలస్ గెలియస్ అను రోమను రచయిత క్రీ.శ. 2వ శతాబ్దిలో ఒక యుదంతము వ్రాసెను. సముద్రమున తుఫాను రేగినపుడు ఓడలోనున్న స్టోయిక్కు పండితుని ముఖము వెలవెలబోయెను. గాలి శమించిన పిదప ఒక ధనికుడు అతనిని ఎగతాళి చేసెను. గెలియస్ వినయముగా కారణమడుగగా, అతడు తన సంచినుండి ఎపిక్టెటస్ గ్రంథము తీసి చూపెను. మొదటి అదురు జ్ఞానికిని తప్పదు, అది దేహధర్మము. ఆ అదురునకు మనస్సు సమ్మతి తెలుపకుండుటయే జ్ఞానమని అందలి భావము.

ఎనిమిదేండ్లు కార్సికా ద్వీపమున ప్రవాసమనుభవించి, క్రీ.శ. 65లో నీరో చక్రవర్తి యాజ్ఞచే ప్రాణములు విడిచిన సెనెకాయు, సెరీనస్ అను మిత్రుని మృతికి మితము మీరి విలపించితినని ఒక లేఖలో ఒప్పుకొనెను. మిత్రుడు తనకంటె చిన్నవాడు గనుక ముందు పోవడని నమ్మియుండుటయే దానికి కారణమని కూడ చెప్పెను. మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి క్రీ.శ. 161 నుండి 180 వరకు పాలించెను. అతని సంతానములో పెక్కుమంది అతని కన్నులయెదుటనే గతించిరి. రాజ్యమున మహామారి ప్రబలెను, సరిహద్దులలో యుద్ధము సాగెను. అయినను అతడు కర్తవ్యమును విడువలేదు. తనకు తాను చెప్పుకొన్న హితవులను దండుయాత్రల నడుమ గ్రీకు భాషలో వ్రాసికొనెను.

ఇచట ఒక మెలకువ అవసరము. ఈ విద్య తన గాయమునకు తాను వేసికొనవలసిన మందు. పరుల గాయముపై చల్లదగిన కారము కాదు. ఏడ్చుచున్నవానిని చూచినపుడు అతని దుఃఖములో మాటసాయముగా పాల్గొనుమనియు, అవసరమైనచో అతనితోపాటు నిట్టూర్చుమనియు, లోపలి నిబ్బరమును మాత్రము పోగొట్టుకొనవలదనియు ఎపిక్టెటస్ స్వయముగా చెప్పెను. కావున పరామర్శకు పోవువారు ఉపదేశమును ఇంటివద్ద విడిచి, ఓపికను వెంట తీసికొని పోవుట మేలు.

ఎపిక్టెటస్ చాలకాలము ఒంటరిగా జీవించెను. అతని మిత్రుడొకడు పేదరికముచే శిశువును విడిచివేయబోగా, ఎపిక్టెటస్ ఆ శిశువును తానే తెచ్చుకొని, పెంపకమునకై యొక స్త్రీని తోడు చేర్చుకొనెనని వ్యాఖ్యాతయగు సింప్లీషియస్ తెలిపెను. బిడ్డ మర్త్యుడని మరువవలదన్న గురువే, పోగొట్టుకొనవలసి వచ్చునని యెరిగియు, ఒక బిడ్డను చేరదీసెను. స్టోయిక్కుల నిబ్బరమునకు ఇంతకు మించిన భాష్యము అక్కరలేదు.