గోడ దాటిన పువ్వు

హైదరాబాదునకు ఈశాన్యమున దమ్మాయిగూడ కాలనీలలో పలువురు ప్రహరీగోడ ప్రక్కన నందివర్ధనము పెంచుచున్నారు. వానలలో ముదురుకొమ్మ నాటినచో వేరూనును. నీరు నిలువని చోటైన చాలును. ముద్దనందివర్ధనము విత్తు కట్టుట అరుదు గనుక కొమ్మయే దానికి వంశము. తెల్లవారుసరికి వీధివైపు వంగిన కొమ్మలు మాత్రము బోసిగా నుండును. కోసినవారును దేవతార్చనకే కోసినారు. ఇది చౌర్యమగునా?

శాస్త్రము వారి పక్షమున నున్నట్లే తోచును. గోవునకై, అగ్నికై తృణకాష్ఠములను, తీగల, చెట్ల పువ్వులను తనవానివలె గ్రహింపవచ్చునని గౌతమ ధర్మసూత్రము. కంచె లేనివై యుండవలెనను నియమము పండ్లకే చెప్పినది. అర్చనకును ఇది వర్తించునని వాదింపవచ్చును. కాని ఆ సూత్రము చౌర్యదోషమును తప్పించునే గాని, ఒకరి కైంకర్యమును మరియొకరికి ఈయదు. ఒక యింటి పెరుమాళ్ళకై నీరుపోసి పెంచిన పువ్వును ఆయనకు అందకుండ చేయుట వేరొక దోషము.

తిరుమలలో భగవద్రామానుజుల యాజ్ఞచే అనంతాళ్వారులు పెంచిన తోట కథ ఎల్లరెరిగినదే. రాత్రివేళ పువ్వులు కోయుచున్న దంపతులలో స్త్రీని ఆయన చెట్టునకు కట్టివేయగా, పురుషుడు అప్రదక్షిణముగా పరుగిడి తప్పించుకొనెనట. ఆమె సాక్షాత్తు అమ్మవారని పిదప తెలిసినది. పువ్వులన్నియు స్వామివే. అయినను ఆయన ఆ కావలిని తప్పుపట్టలేదు. బ్రహ్మోత్సవముల మరునాడు బాగ్‌సవారి పేర ఆ తోటకే వేంచేయుచున్నాడు. అడుగక కోయువారు ఈ కథను తమకు అనుకూలముగా చెప్పుకొందురు. కట్టుబడిన దెవరో మరతురు.

గృహస్థుని మాట యేమి? పువ్వు స్వామిదే యని పెంచి, ‘నా చెట్టు’ అని గేటు వద్ద కలహించుట పొసగునా? ఆషాఢమున కొమ్మ నొకదానిని కత్తిరించి, పాలు కారుట ఆగిన పిదప, ఉదయమున గోడ వద్దకు వచ్చినవారి చేతిలో పెట్టుట అంత కష్టమేమియు కాదు.