ఎవరి చలవ?

మా బడి పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో నెల్నాళ్లుగా ఒకటే హడావిడి. కొత్త ఆడిటోరియానికి చందాలు, దాతలకు సన్మానం, శిలాఫలకం మీద పేర్లు. "సిస్టర్ల రుణం తీర్చుకోలేం" అని రోజుకొకరు రాస్తున్నారు. రుణం ఉందనడంలో నాకు పేచీ లేదు. అప్పిచ్చింది ఎవరన్నదే తేలడం లేదు.

ఫీజు కట్టే చదివాం, ఇంకా రుణమేమిటి అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాట నాకు మింగుడుపడదు. మా నాన్న కట్టిన ఫీజుతో ప్రహరీగోడ కూడా లేచేది కాదు. ఆ స్థలం, ఆ కట్టడం, సొంతానికి పైసా దాచుకోని సిస్టర్ల జీవితాలు ఏ రసీదులోనూ లేవు.

మరి డబ్బెక్కడిది? వెతుక్కుంటూ పోతే ఫ్రాన్సులోని లియాన్ నగరం తగులుతుంది. వేదప్రచారానికి అక్కడ 1822లో మొదలైన సంఘానికి మూలం పౌలిన్ జారికో అనే యువతి. పట్టు కార్ఖానాల కూలీలను పదేసి మంది జట్లుగా చేర్చి, మనిషికి వారానికో సూ, అంటే మన కానీ లాంటి చిల్లర నాణెం, వసూలు చేసింది. 1843లో బిషప్ ఫోర్బిన్ జాన్సన్ పిల్లలకోసం తిరుబాల సభ పెట్టాడు: రోజుకో మంగళవార్త జపం, నెలకో సూ. 1904లో హాలండ్ నుంచి గుంటూరు వచ్చిన జెఎంజె (జీసస్ మేరీ జోసెఫ్) సిస్టర్ల వంటివాళ్ల వెనక ఇలాంటి పేరులేని దానాలే ఉన్నాయి.

ఆ కార్ఖానా కూలీ సూ ఇచ్చింది ఎక్కడో ఉన్న ఆత్మలు గట్టెక్కాలని. నాకు ఇంజనీరింగ్ సీటు రావాలని కాదు. నా ఆత్మ సంగతేమో గాని ఇంగ్లీషు మాత్రం వచ్చింది. పొరుగింటి మనియార్డరు సంతకం పెట్టి తీసుకుని, పోస్ట్‌మాన్‌కి దండం పెట్టినట్టుంది నా కృతజ్ఞత.

వారానికో పీరియడ్‌లో సిస్టర్ గారు తలుపు దగ్గర నిలబడి "కాథలిక్స్" అని పిలిచేవారు. ఏ ఆరేడుగురో లేచి సత్యోపదేశానికి వెళ్లేవాళ్లు. మిగిలిన మేమంతా మోరల్ సైన్స్ పుస్తకం తీసేవాళ్లం. లేచినవాళ్లలో ఒకమ్మాయి మా బడి ఆయా కూతురు. ఏటా మడత విప్పి పొడవు చేసిన ఆ పిల్ల గౌను అంచున ఇస్త్రీకి లొంగని గీతలుండేవి. వేదప్రచారానికి చందాలు పోగుచేసే మిషన్ సండే ముందు క్లాసుల్లో రేకు డబ్బా తిరిగేది. మాలో సగంమంది డబ్బాలో వేయమని ఇంట్లో ఇచ్చిన పైసలు జామకాయలకే ఖర్చుపెట్టేవాళ్లం. ఆయమ్మ మాత్రం కొంగుముడి విప్పి రెండు బిళ్లలు వేసేది. "నువ్వెందుకేస్తున్నావు ఆయమ్మా?" అని అడిగితే వింతగా చూసి, "మాదే గదయ్యా బడి" అంది. నాకు నవ్వొచ్చింది. చీపురు పట్టుకున్న మనిషి బడి మాదే అంటోంది!

చట్టం ఆమె పక్షానే ఉంది. రాజ్యాంగం 30వ అధికరణ బడి పెట్టుకుని నడుపుకునే హక్కిచ్చింది మైనారిటీలకు. మన వైపు కాథలిక్కుల్లో దళితులే ఎక్కువ. విచారణ (పారిష్) గుడికి తొలిపంట మోసుకొచ్చే ఆ జనం లేకపోతే ఆ హక్కూ లేదు. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు వర్తించదంది. పేదపిల్లలకు పాతిక శాతం సీట్లన్న నిబంధన ఆ పక్క ప్రైవేటు బడికుంది, మా బడికి లేదు. ఆయమ్మ పేరున దక్కిన మినహాయింపు ఆయమ్మ మనవడికే అడ్డం. పల్లెల్లో సిస్టర్లు నడిపే తెలుగు మీడియం బడులు, హాస్టళ్లు గుర్తొస్తే ఈ మాట అనడానికి నోరు రాదు. కానీ ఆడిటోరియం కడుతున్నది అక్కడ కాదు.

ఇంకో లెక్క ఉంది. 1950 జనవరిలో అమల్లోకొచ్చిన రాజ్యాంగం ఆయమ్మకు బడి హక్కిస్తే, అదే ఏడు ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే కట్టబెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. దళిత క్రైస్తవులకు మన దగ్గర బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. ఏ జ్ఞానస్నానం వాళ్ల ఎస్సీ సర్టిఫికెట్ పోగొట్టిందో, ఆ జ్ఞానస్నానమే బడికి హక్కు తెచ్చింది, నాకు ఉద్యోగం తెచ్చింది.

అయితే థాంక్స్ చెప్పాల్సింది ఆయమ్మకా? ఆమె నాకు ఇచ్చిందేమీ లేదు, ఆమె నుంచి నాకు వచ్చింది. దానికి సన్మానం, శాలువా సరిపోవు. ఎస్సీ హోదా కేసు 2004 నుంచి సుప్రీంకోర్టులో ఉంది, వాళ్లు గెలవాలని కోరుకోవడమే తీర్చే దారి అనిపిస్తుంది. వెంటనే ఇంకో బెంగ: ఎస్సీల పదిహేను శాతంలోకి కొత్తవాళ్లొస్తే తగ్గేది ఇప్పుడున్న మాల మాదిగల వాటాయేగా? ఆ ఒక్క శాతమూ నాది కాదు, ఈ పదిహేనూ నావి కావు. నా చేతి నుంచి ఏమీ పోనిచోట ఉదారంగా ఉండటం ఎంతసేపు!

నా చేతిలో ఉన్నదల్లా పలుకుబడి. మొన్న మా కోడలు మనవరాలి కోసం ఆ బడి ఎల్‌కేజీ అప్లికేషన్ తెచ్చింది. సీట్లు తక్కువట, "సిస్టర్ గారితో ఒక మాట చెప్తారా మామయ్యా" అంది. చెప్పాను.