చంకల కింద పాతబట్టలు

వాక్య పఠనం: యిర్మీయా 38:6–13, నిర్గమకాండము 22:26–27

యిర్మీయా ప్రవక్తను బురద గోతిలోంచి పైకి లాగిన తాళ్ల గురించి ప్రసంగాల్లో చాలాసార్లు విన్నాం. ఆ తాళ్లతో పాటే గోతిలోకి దిగిన పాతబట్టల దగ్గర ఈ ఉదయం కాసేపు ఆగుదాం.

యెరూషలేము ముట్టడిలో ఉంది. పట్టణంలో రొట్టె నిండుకుంటోంది. ప్రవక్త చెప్పిన మాట అధిపతులకు మింగుడుపడక ఆయనను మల్కీయా గోతిలోకి దించేశారు. అందులో నీళ్లు లేవు, ఉన్నదంతా బురదే. ఆయన అందులో దిగబడిపోయాడు. సిద్కియా రాజు నోరెత్తలేదు. నోరెత్తినవాడు ఒక పరదేశి, రాజనగరులో కొలువు చేసుకునే కూషీయుడు ఎబెద్మెలెకు. రాజు బెన్యామీను గుమ్మం దగ్గర కూర్చుని ఉండగా వెళ్లి, ఇది అన్యాయమని ముఖాన్నే చెప్పాడు. రాజు 30 మందిని తోడిచ్చి పంపాడు.

మనుషులు దొరికారు, రాజు సెలవు దొరికింది. ఇక చేయాల్సింది పరుగున వెళ్లి లాగడమే. కానీ ఎబెద్మెలెకు ముందుగా ఖజానా కింది గదిలోకి వెళ్లాడు. అక్కడ పడి ఉన్న చిరుగుల బట్టలు, పాత గుడ్డలు ఏరుకుని గోతి దగ్గరికి వచ్చాడు. వాటిని తాళ్లతో కిందికి దించి, చంకల కింద పెట్టుకుని ఆ పైన తాడు వేసుకోమని యిర్మీయాకు చెప్పాడు.

తిండి లేక చిక్కిపోయిన మనిషి. బురద పట్టు వదలాలంటే గట్టిగా లాగాల్సిందే. లాగితే తాడు ఎక్కడ కోసుకుపోతుందో ఎబెద్మెలెకు ముందే తన ఒంటికి తెచ్చుకుని చూశాడు. ప్రాణం దక్కితే చాలు, చర్మం ఒరిస్తే ఒరిసిందిలే అనుకోలేదు. పరిశుద్ధ గ్రంథం ఈ చిన్న సంగతిని వదిలేయకుండా రాసిపెట్టడం నాకు ఎంతో ధైర్యాన్నిస్తుంది. మన దేవుడు తాడు ఒరిసే చోటును కూడా చూసే దేవుడు.

మన ప్రాంతంలో బొంత కుట్టే ఆడవాళ్ల చేతుల్లో ఈ ఎరుక ఎప్పటినుంచో ఉంది. పాత నేత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, నాలుగు అంచుల నుంచి మొదలుపెట్టి లోపలికి వరసగా కుట్టుకొస్తారు. చిరుగులు, గట్టి అంచులు లోపలి పొరల్లోకి పోతాయి. ఉతికి ఉతికి మెత్తబడిన చీర ఒంటివైపు వస్తుంది. చంటిబిడ్డకైతే ఇంకా జాగ్రత్త, దారం ముడి కూడా తగలకూడదు.

ఇప్పుడు ఇళ్లలో పాత నూలు చీరలు తగ్గిపోయాయి. పాలిస్టర్ చీర బొంతకు కుదరదు, కుట్టేటప్పుడు జారిపోతుంది, చెమట పీల్చదు. అటకల మీద పేరుకుంటున్నవి జీన్స్ ప్యాంట్లు. మోకాళ్ల దగ్గర పోయి ఉంటాయి గాని, పిక్కల వైపు బట్ట ఇంకా ఏళ్లు మన్నేటంత గట్టిగా ఉంటుంది. అది పత్తే. పర్చూరు, మార్టూరు, ప్రత్తిపాడు, పెదనందిపాడు నల్లరేగడిలో పండేలాంటి పత్తే. పడుగుకు నీలిరంగు దారం, పేకకు తెల్లదారం పెట్టి నేస్తారు. ఆ నీలిరంగు దారానికి పైపైనే పట్టి లోపల తెల్లగా ఉండిపోతుంది, అందుకే అరిగినచోటల్లా తెలుపు బయటపడుతుంది. ఈ ప్యాంట్లు పుట్టిందే కష్టజీవుల కోసం. గనుల్లో, పొలాల్లో పనిచేసేవాళ్ల జేబులు చినిగిపోతున్నాయని వాటి మూలలకు రాగి రివెట్లు బిగించే పద్ధతి కనిపెట్టాడు దర్జీ జేకబ్ డేవిస్. బట్టల వ్యాపారి లెవీ స్ట్రాస్‌తో కలిసి 1873లో దానికి పేటెంటు తీసుకున్నాడు.

జీన్స్‌తో బొంత కుట్టడం ఓపిక పని. ముందు రంగు దిగిపోయేదాకా విడిగా ఉతకాలి, లేదంటే తక్కిన బట్టలన్నీ నీలమే. రివెట్లు, జిప్పు, ఇత్తడి గుండీ తీసేయాలి. కాళ్ల పక్కన రెండు మడతలు వేసి కుట్టిన లావు కుట్టు ఉంటుంది చూడండి, దాన్ని విప్పడానికి కూర్చుంటే పూట గడిచిపోతుంది, అటూ ఇటూ కత్తిరించి పక్కన పెట్టడమే మేలు. అది బొంతలో ఉంటే మిషను సూది విరుగుతుంది, అంతకు మించి పడుకున్నవాళ్ల డొక్కలో గుచ్చుకుంటుంది. మిగిలిన బట్టను జానెడు, రెండు జానల ముక్కలుగా కోసి, 18వ నంబరు సూదితో కలిపి కుడితే పై పొర తయారవుతుంది. మధ్యలో దూది కూరనక్కర్లేదు. ఆ పొరే బరువు, తడిస్తే ఇద్దరు పట్టి పిండాలి, ఆరడానికి మంచి ఎండ కావాలి. ఒంటివైపు మాత్రం ఎక్కడో ఒక నూలు చీర వెతికి తెచ్చి వేయాలి. తాడు గట్టిది, దాని కింద గుడ్డ మెత్తనిది. ఎబెద్మెలెకు చేసిన పని ఇక్కడ ఒక్క బొంతలో కలిసి ఉంది.

ఇదంతా ఎవరి కోసం? ఈ నెలల్లో మన పొలాల వైపు చూడండి. మిరప కోతలకు ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలుగా వలస వస్తారు. ముందే అడ్వాన్సు తీసుకుని వచ్చినవాళ్లూ ఉంటారు, అది కోసి తీర్చాలి. పిల్లలు బడి మానేసి అమ్మానాన్నల వెంట వస్తారు. చేను గట్టునో కల్లం పక్కనో పట్టా కట్టుకుని ఉంటారు. పగలంతా మిరప ఘాటు చేతులకూ కళ్లకూ పట్టేసి ఉంటుంది. తెల్లవారుజామున పొగమంచు దిగుతుంది, నల్లరేగడి నేల చల్లగా అయిపోతుంది. వాళ్లు ఏరిన కాయ టిక్కీల్లోకెక్కి గుంటూరు మిర్చి యార్డుకు చేరుతుంది. మన ఇంట్లో కారం డబ్బా నిండుతుంది. వాళ్ల కింద పరిచింది ఖాళీ ఎరువుల సంచులు విప్పి కుట్టిన పట్టా.

నిర్గమకాండంలో దేవుడు అప్పు గురించి ఆజ్ఞ ఇస్తూ ఒక బీదవాడి దుప్పటి దగ్గర ఆగాడు. అతని పైబట్టను తాకట్టు పెట్టుకుంటే పొద్దుగుంకేలోగా తిరిగి ఇచ్చేయాలి. అతను కప్పుకునేది అదొక్కటే, అది లేకపోతే ఏం వేసుకుని పడుకుంటాడని దేవుడే అడిగాడు. అతను మొరపెడితే వింటానని కూడా చెప్పాడు. సృష్టికర్తకు మన ఊరి కూలివాడి రాత్రి గురించి అంత పట్టింపు ఉంది. ఆ పట్టింపు మన సంఘాల్లో ఎంత ఉందో ఎవరికి వారు చూసుకోవాలి.

అరిగిన పని బట్టలతో బొంతలు కుట్టినవాళ్లు వేరే చోటా ఉన్నారు. అమెరికాలోని అలబామాలో జీస్ బెండ్ అనే ఊరుంది. నది మెలిక తిరిగే చోట, ఒకప్పుడు బానిసలుగా పత్తి చేలల్లో పనిచేసినవాళ్ల సంతతి ఉన్న ఊరు. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలం పనికి వేసుకుని అరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలతో బొంతలు కుట్టుకునేవారు, చలికి గోడల సందులు పూడ్చుకోవడానికీ వాటినే వాడారు. 1942లో మిసౌరి పెట్‌వే అనే ఆవిడ చనిపోయిన భర్త పని బట్టలు తీసి బొంత కుట్టింది, దాన్ని కప్పుకుంటే ఆయన జ్ఞాపకం తనతో ఉంటుందని. ఆ ఊరి బొంతలు 2002లో హ్యూస్టన్‌లోనూ, తర్వాత న్యూయార్క్‌లోనూ పెద్ద మ్యూజియంలలో గోడలకెక్కాయి. లోకం వాటి అందాన్ని చూసి ముచ్చటపడింది, మంచిదే. నాకు మాత్రం ఆ మోకాళ్ల దగ్గర వెలిసిన బట్టే ఎక్కువ చెబుతుంది. వంగి పత్తి తీసిన మనిషి మోకాలు అక్కడ ఉండేది.

క్రిస్మస్ వెళ్లాక పాతబట్టలు సంచుల్లో కుక్కి ఎవరికో ఇచ్చేయడం మనకు అలవాటే. ఇవ్వడం మంచి పనే, కాదనను. అయితే ఇచ్చే ముందు ఆ బట్ట ఎవరి ఒంటి మీదికి వెళ్తుందో తలచుకోవడంలో పరిచర్య మొదలవుతుంది. గుండీ ఊడినది కుట్టి ఇవ్వాలి. ఉతికి ఇవ్వాలి. స్త్రీల సమాజంలో కుట్టు మిషను ఉన్నవాళ్లు ఇద్దరు, కోసి ముక్కలు సర్దేవాళ్లు నలుగురు కూర్చుంటే, యౌవనస్థులు జీన్స్ ప్యాంట్లు ఏరి తెస్తే, కోతలు అయిపోయేలోగా కొన్ని బొంతలైనా చేను గట్లకు చేరతాయి. వాటిని పట్టుకెళ్లినప్పుడు ఫొటోలు వద్దు. కాసేపు కూర్చుని, ఎక్కడ నుంచి వచ్చారమ్మా, పిల్లలు ఎంతమంది, రాత్రి చలికి ఎలా ఉంటోంది అని అడగండి.

ప్రార్థన:

కనికరం గల తండ్రీ, గోతిలో ఉన్న నీ సేవకుని చంకల కింద మెత్తని గుడ్డ పెట్టించిన దేవుడవు నీవే. తాడు ఒరిసిన చోట మాకూ నీవు అలాగే తోడున్నావు, నీకు స్తోత్రం. ఈ రాత్రి మిరప చేల గట్ల మీద పడుకునే తల్లులను, తండ్రులను, పిల్లలను నీ కృపతో కప్పు. వాళ్ల కూలి పూర్తిగా వాళ్ల చేతికి వచ్చేలా చెయ్యి. బడి మానేసి వచ్చిన పిల్లలను మళ్లీ బడికి చేర్చు. మా అటకల మీద ఊరికే పడి ఉన్నవాటిని కిందికి దించే మనసు, కూర్చుని కుట్టే ఓపిక మాకు దయచెయ్యి. ఎబెద్మెలెకు రాజు ముందు మాట్లాడినట్టు, వాళ్ల తరపున మాట్లాడాల్సి వచ్చినప్పుడు మా నోరు తెరువు. యేసు నామమున అడుగుచున్నాము, ఆమేన్.