ఊటీ దాకా ఎందుకు బిడ్డా

బిడ్డా, నువ్వు పంపిన పూల ఫొటోలన్నీ చూశాను. పువ్వును పువ్వుగా కాకుండా గీతగా, ఒంపుగా, వెలుగునీడగా చూపాలన్న నీ ఆశ నాకు ఎంతో నచ్చింది. కానీ అందుకు ఊటీ తోటలకు పోవాలనీ, ఈ గోదావరిఖని బొగ్గు దుమ్ములో ఏముందనీ అన్నావు చూడు, ఆ మాట ఒప్పుకోలేను.

జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అని ఒక పంతులు ఉండేవాడు. కళ నేర్చుకునే విద్యార్థులకు ఆకారాలు నేర్పడానికి రోడ్ల పక్కన, రైలు కట్టల వెంట మొలిచిన మొక్కలు తెచ్చి, వెనకాల ఏమీ లేకుండా పెట్టి, ముప్పై రెట్ల దాకా పెద్దవి చేసి ఫొటోలు తీశాడు. 1928లో అవి పుస్తకంగా వచ్చేసరికి ఆయనకు అరవై దాటాయి. చుట్టుకున్న చిగురు ఇనుప కమ్మీలా కనబడింది జనానికి. ఫిల్టర్లు లేవు, రంగులూ లేవు. ఓపికగా చూడటమే ఆయన పనితనం.

నువ్వూ తంగేడు దగ్గర కూర్చో. పొద్దున్నే వెళ్లు, మిట్టమధ్యాహ్నం పసుపంతా ఒకటే మచ్చయి రెక్క మీది ఈనెలు మాయమవుతాయి. పువ్వంతా రానక్కర్లేదు, ముడతలు పడ్డ ఒక అంచు చాలు. ఫోన్ మరీ దగ్గరైతే మసకబారుతుంది, కాస్త వెనక్కి జరిగి తీసి తర్వాత కత్తిరించుకో. మోదుగాకును ఎండకు అడ్డంపెట్టి వెనక నుంచి చూడు, ఈనెల అల్లిక బయటపడుతుంది.

ఆకు మీది బొగ్గుపొడిని మాత్రం తుడవకు. లారీలు పోయే దారి పక్క జిల్లేడాకు మీద వాన చుక్క జారిన చోట పచ్చటి చార పడుతుంది. అది ఊటీలో దొరకదు. ఆ దుమ్మే మనం పీలుస్తున్నాం, అదీ నీ ఫొటోలో ఉండనీ.

ఇంకో సంగతి. మన బాయిల్లోంచి తీసే బొగ్గు ఒకప్పటి అడవి. పాతిక కోట్ల ఏళ్లకు పైగా వెనక ఇక్కడ గ్లాసోప్టెరిస్ చెట్లు ఉండేవి. పొడుగాటి ఆకు, నడుమ గట్టి ఈనె, దాని నుంచి వలలా అల్లుకున్న సన్న ఈనెలు. బొగ్గు పొరల నడుమ పలకరాయిలో ఆ ఆకుల అచ్చులు ఉంటాయి. వెలుగు లేని చోట భూమే తీసి దాచిన ఫొటోలు అవి. బాయిలో పనిచేసి రిటైరైన ఏ తాత ఇంట్లోనైనా అలాంటి ముక్క ఉంటే అడిగి చూడు. ఎదురుగా వెలుగు పెడితే ఏమీ కనబడదు. టార్చి పక్క నుంచి, రాయికి ఆనించినట్టు పట్టు. ఆ ఫొటో పక్కన నీ మోదుగాకు ఫొటో పెట్టి చూసుకో.

అలాంటి ముక్క కోసం ఓపెన్‌కాస్టు గని వైపు మాత్రం పోకు. అక్కడ బ్లాస్టింగ్ చేస్తారు, బొగ్గు పైనుంచి తవ్విపోసిన ఓబీ గుట్టల మట్టి వదులుగా ఉండి కాలి కింద జారుతుంది. జిల్లేడు తుంచితే పాలు కంట్లో పడనీయకు, చేతులు కడుక్కునే దాకా కళ్లు నలుపుకోకు.

గునుగు పూసే వేళకు మా ఇంటికి రా. మీ పెద్దమ్మ బతుకమ్మను వరసలు వరసలుగా పేరుస్తుంది కదా, పక్క నుంచి అందరూ తీస్తారు. నువ్వు స్టూలెక్కి నిట్టనిలువుగా పై నుంచి తియ్యి. తంగేడు, గునుగు, కట్ల అన్న పేర్లు పోయి రంగుల చుట్లు మాత్రమే మిగులుతాయి. స్టూలు నేను పట్టుకుంటాను.