గజేంద్రుని సందేహము

కాచిగూడ స్టేషనులో తిరుపతి బండికై వేచియుండు యాత్రికులలో గజేంద్రమోక్షము నెరుగనివారు అరుదు. 15వ శతాబ్దికి చెందిన బమ్మెర పోతనామాత్యుడు భాగవత అష్టమ స్కంధమున రచించిన ఆ ఘట్టములో ఒక పద్యపాదము మాత్రము చదువరిని నిలిపివేయును. దీనులయందును, యోగులయందును, అన్ని దిక్కులయందును కలడని లోకము చెప్పు దేవుడు నిజముగా ఉన్నాడా, లేడా యని గజరాజు ప్రశ్నించును. శ్రీహరిని నమ్మి స్తుతించుచున్నవాడు ఇట్లు సంశయింపవచ్చునా? ఇది నాస్తికవాక్యము కాదా?

పద్యములోని మాటలనే పరికింపవలెను. అచటి సందేహము ‘ఉన్నాడని చెప్పబడువాని’ గూర్చినది. అనగా వినికిడి వలన తెలిసిన దేవుని గూర్చినది. అప్పటికి భగవంతుడు ‘వాడు’. వేయేండ్లు మొసలితో పోరిన బలము పూర్తిగా ఉడిగి, ధైర్యము సడలినదని గజేంద్రుడు ఒప్పుకొను పద్యమున ఆ ‘వాడు’ ‘నీవు’ అయినాడు. ఈ నడుమ అతనికి క్రొత్త ప్రమాణమేదియు లభింపలేదు. తనకు వేరు దిక్కు లేదను ఎరుక మాత్రమే కలిగినది. శరణాగతి యనగా అదియే.

కావున రోగియైన బిడ్డ మంచము చెంత కూర్చుండి “దేవుడున్నాడా?” యని విలపించు తల్లిని భక్తిహీనురాలని నిందింపరాదు. సందేహించిన ఆ నోటినుండియే పిలుపు వెలువడినది. ఆ పిలుపునకే శ్రీహరి పరుగిడి వచ్చినాడు.